గ్యాస్ బావి మీద కౌలు

మా కంపెనీలో డివిడెండు మీద ఓటింగ్ జరగకముందే చెక్కులు రాసి, కవర్లలో పెట్టి, కవర్ల మూలలకు పసుపు రాసి సిద్ధంగా ఉంచేవాళ్ళం. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ షాపు పైన ఉండేది మా ఆఫీసు. నేను కంపెనీ సెక్రటరీని, నా పేర కూడా కొన్ని షేర్లుండేవి. చెక్కుల మీద సంతకాలు చైర్మన్‌వి, పసుపు నాది.

కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. డెల్టా పొలాల మధ్య ఒకే ఒక్క గ్యాస్ బావి, దాన్నుంచి చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు ఒక పైపు, అంతే. వాటాదారుల్లో ఎక్కువమంది కంకిపాడు వైపు ఆసాములు. రోడ్డు పక్క పొలాలు ప్లాట్లకు అమ్మేసి, చేతికొచ్చిన డబ్బు ఊరికే ఉంచలేక చైర్మన్ మాట మీద మా షేర్లు కొన్నవాళ్ళు. పొలాలైతే అమ్మారు గానీ ఆసామితనం మాత్రం ఎవరికీ అమ్మలేదు. వాళ్ళ లెక్కలో డివిడెండు అంటే కౌలు. పండినా ఎండినా, తుఫానొచ్చి చేను పడుకున్నా, కౌలుదారు తెచ్చి అరుగు మీద పెట్టి తీరాలి. జీవితమంతా గట్టు దిగకుండా కౌలు తిన్నవాళ్ళకు బావి ఎలా ఉందో అడగాలని ఎందుకు తోస్తుంది? ఫోన్ చేసి, "ఈయేడు షేరుకి ఎన్ని బస్తాలండీ?" అని అడిగి, వాళ్ళ జోకుకు వాళ్ళే విరగబడి నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నా జీతంలో కొంత ఆ నవ్వుకే.

పొలానికి ఏటా కాలవ నీళ్ళొస్తాయి, మళ్ళీ పండుతుంది. గ్యాస్ అలా కాదు, తీసింది తీసినట్టే పోతుంది. లాభంలో కొంత ఆపి బావికే ఖర్చు పెట్టకపోతే ఒకరోజు అది చేతులెత్తేస్తుంది. ఈ సంగతి చైర్మన్‌కి తెలియక కాదు. ఆయనకి పెళ్ళిళ్ళలో ముందు వరుస సోఫా కావాలి, ఆ సోఫాలో కూర్చుని "మన కంపెనీ ఏనాడూ ఆపలేదండీ" అనాలి. ఆ ఒక్క ముక్క కోసమే కంపెనీ నడిపాడని నా నమ్మకం.

ఆ ఏడు మీటింగుకు నెల ముందు బావి దగ్గర ఇంజనీరు ఉత్తరం రాశాడు. గ్యాస్‌తో పాటు నీళ్ళు పైకి వస్తున్నాయి. వెంటనే రిగ్గు తెప్పించి బాగుచేయకపోతే ఏడాది తిరక్కుండా బావి నీళ్ళలో మునిగిపోతుంది, ఆ తరవాత ఎంత పోసినా లేవదు. రిపేరుకి ఎంతవుతుందో, డివిడెండుకి తీసి ఉంచింది కూడా దాదాపు అంతే. రెండిట్లో ఒకటే కుదురుతుంది. చైర్మన్ ఉత్తరం చదివి నాకు తిరిగిచ్చాడు.

"ఫైల్లో పెట్టండి. రిపోర్టులో ఎక్కడో ఒక లైను వెయ్యండి, చాలు."

వాటాదారులకు ఏటా పంపే ఆ రిపోర్టులో, నలభయ్యో పేజీలో చిన్న అక్షరాల్లో వేశాను: "ఉత్పత్తిలో నీటి శాతం పరిశీలనలో ఉన్నది." అంత పిరికి వాక్యం నేను మళ్ళీ రాయలేదు.

మీటింగు బందరు రోడ్డులో ఒక ఏసీ హాల్లో. వేదిక మీద బల్ల, బల్ల మీద పళ్ళెం, పళ్ళెంలో పసుపు కవర్లు. పక్క గదిలోంచి ఉలవచారు వాసన మొదలయ్యేసరికి సగం తలలు అటు తిరిగాయి. అప్పుడు వెనక వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు. వన్‌టౌన్‌లో నలభై ఏళ్ళు బోరు మోటార్లు బాగుచేసిన సాయిబు గారు. షాపు అమ్మగా వచ్చిందంతా మా షేర్లలో పెట్టారు, ఆయనకు వేరే ఆధారం లేదు.

"నలభయ్యో పేజీలో నీళ్ళని రాశారండీ. బోర్లో తేడా వస్తే మోటారు ఆపి చూసుకోవాలండీ. ఆపకుండా తోడితే బోరే పోద్ది. ఈయేడు నా డబ్బులు నాకొద్దండీ, బావికి పెట్టండి."

"సాయిబు గారూ, ఇదేం మీ బోరు మోటారు కాదండీ," అన్నాడు చైర్మన్. "నమ్మి పెట్టినోళ్ళకి కౌలు ఎగ్గొట్టే కొంప కాదండీ మనది!"

హాలంతా నవ్వులు, చప్పట్లు. సాయిబు గారు నా వైపు తిరిగారు.

"సెక్రటరీ గారూ, మీరు చెప్పండి. బావి బానే ఉందా అండీ?"

ఇంజనీరు ఉత్తరం నా మోచేతి కింద ఫైల్లోనే ఉంది.

"అన్నీ రిపోర్టులో ఉన్నాయండీ," అన్నాను.

చేతులు లేచాయి. వద్దన్నది ఒక్క చెయ్యే. ఆ తరవాత కవర్లు పంచాం, విస్తళ్ళు వేశాం, ఉలవచారులో మీగడ సరిపోలేదని ముగ్గురు నామీద కేకలేశారు.

మర్నాడు సాయిబు గారు కవరు పట్టుకుని మా మెట్లెక్కి వచ్చారు. "ఇది బావి ఖర్చులో వేసేయండి" అన్నారు. వాపసు తీసుకునే పద్ధతి లేదని చిరునవ్వుతో చెప్పాను. ఆయన కవరు నా బల్ల మీదే ఉంచి వెళ్ళిపోయారు.

పై ఏడు మీటింగు రాకముందే బావి మునిగింది. ఆసాములు మాత్రం ఫోన్లు మానలేదు. "ఈయేడు ఎప్పుడండీ?" అంటారు, బావి పోయిందంటే, "అది సరేనండీ, మా సంగతేంటి?" అంటారు. చైర్మన్ ఆరోగ్యం బాగాలేదని తప్పుకున్నాడు. ముందు వరుస సోఫాలో కూర్చోవడానికి ఆ ఆరోగ్యం ఇప్పటికీ సరిపోతోంది.

మొన్న వన్‌టౌన్‌లో ఒక షాపు ముందు సాయిబు గారు కనిపించారు. ఆ షాపు ఇంకొకళ్ళది. ఆయన స్టూలు మీద కూర్చుని మోటారుకి రాగి తీగ చుడుతున్నారు. నన్ను గుర్తుపట్టారు.

"ఆ రోజు మీకు తెలుసా అండీ?"

రిపోర్టు మాటే మళ్ళీ నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"తెలుసండీ."

"మరి మీ కవరు మీరు తీసుకున్నారా?"

"తీసుకున్నానండీ."

ఆయన తలొంచుకుని తీగ చుట్టుకుంటూ పోయారు.