తువ్వాలు కింద చిటికెన వేలు

జగ్గయ్యపేట పశువుల సంతలో ఎడ్ల బేరం నోటితో జరగదు. బేరం కుదిర్చే బేరగాడు చేతిమీద తువ్వాలు కప్పి చాస్తాడు, కొనేవాడు లోపల వేళ్లు పట్టుకుంటాడు. పట్టుకున్న ఒక్కో వేలూ ఒక వంద. ఎన్ని వేల రూపాయలో మాత్రం ముందే అనుకుంటారు. అలా ముప్పై ఏళ్లుగా చేత్తోనే మాట్లాడి, ఎవరిచేతా ఒక్క మాట పడని మనిషి నందిగామ వెంకటరత్నం.

పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో ఆ పేరుకే ముప్పొచ్చింది. చిన్ననాటి స్నేహితుడు, చెవిటికల్లు సుబ్బరాయుడు ఎడ్లజత అమ్మిపెట్టమన్నాడు. మైలవరం నుంచి వచ్చిన బుల్లిబాబు రెండువేల పైన ఎన్ని వందలో తువ్వాలు కింద చెప్పాడు. వెంకటరత్నానికి నాలుగు వేళ్లు తెలిశాయి. రెండువేల నాలుగొందలని సుబ్బరాయుడికి చెప్పి బేరం ఖాయం చేశాడు. తీరా బుల్లిబాబు సుబ్బరాయుడి చేతిలో పెట్టింది రెండువేల ఐదొందలు. అయిదు వేళ్లూ పట్టుకున్నానుగా అంటాడు.

ఇంకేముంది, పై వంద మింగబోయి దొరికాడని సంతంతా గుప్పుమంది. సుబ్బరాయుడు డబ్బు లెక్కపెట్టుకుని, మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. వెంకటరత్నానికి మతి పోయింది. బుల్లిబాబు అబద్ధమాడాడందామా, ఎక్కువ ఇవ్వడానికి అబద్ధమాడే వెర్రివాడు ఈ భూమ్మీద ఉంటాడా? పోనీ తానే ఆడాడా అంటే, ఆడలేదని తనకి తెలుసు. మరి ఆ అయిదోది ఏ గాలికి పోయినట్టు?

వారానికి భార్య పున్నమ్మ కనిపెట్టింది. కాఫీ గ్లాసు తగిలి చిటికెన వేలు బొబ్బెక్కినా ఈయనకు తెలియనే లేదు. డాక్టరు జగన్నాథరావు వేలు వదిలేసి మోచేతి లోపలి ఎముక పక్కన తట్టాడు. జిల్లుమని వేలిదాకా పాకింది. వేలు బాగానే ఉందన్నాడు. దాని కబురు మోసే నరం మోచేతి మీదుగా వెన్నుపాముకీ, అక్కణ్ణుంచి మెదడుకీ వెళుతుందట. ఏళ్ల తరబడి సంతలకు తిరుగుతూ బస్సు కిటికీ కడ్డీకి మోచెయ్యి ఆనించడంతో ఆ నరం నలిగిందట. కబురు రాకపోతే మెదడు లెక్కలో వేలు లేనట్టేనట. నలిగింది మోచేతిలో, పోయింది వేలు, దొంగయింది తను. ఇదేం లెక్కో తలకెక్కక, ఆ ముక్కలే అప్పజెప్పుకుంటూ చెవిటికల్లు వెళ్లాడు.

సుబ్బరాయుడు నమ్మలేదు. తువ్వాలు కప్పి వేళ్లు పట్టుకున్నాడు.

"ఎన్ని?"

"నాలుగురా."

సుబ్బరాయుడి దవడ బిగిసింది. "ఇప్పుడో?"

"అవే నాలుగు. అయిదోది కూడా పట్టుకో మరి."

సుబ్బరాయుడు గబుక్కున తువ్వాలు తీశాడు. చిటికెన వేలిలో అతని గోరు దిగబడి ఉంది. చెయ్యి వదిలేసి, తప్పయిపోయింది రత్నం అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వెంకటరత్నం తువ్వాలు మీది ఎర్రమరకకేసి తెల్లబోయి చూశాడు.

"ఈ నెత్తురు ఎవరిదిరా?"