రెబ్కా తీసిన దిష్టి

పర్చూరు పక్కన ఆ పల్లెలో ఏ చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా తల్లి ముందు పరుగెత్తేది రెబ్కా ఇంటికే. మందూ మాకూ ఏమీ ఇచ్చేది కాదావిడ. గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ళమీద బోర్లా వేసుకుని, వీపు నిమురుతూ గుళ్ళో పాడే పాటేదో సన్నగా అందుకునేది. కాసేపటికి బిడ్డ ఊరుకునేది. మొగుడు పోయిన మనిషి, కడుపున కాయ కాయని మనిషి. అయినా సరే, ఆ ఒళ్ళో బిడ్డను వెయ్యడానికి ఏ తల్లీ వెనకాడలేదు. పల్లెలో ఆవిడకున్న ఆస్తీ పరువూ అన్నీ ఆ నమ్మకమే.

అలాంటి రెబ్కా ఇంగ్లండు పోయి నాలుగు నెలలు తిరక్కుండానే వెనక్కొచ్చి, ఇక ఏ బిడ్డనూ ముట్టనని కూర్చుంటే ఊరు ఊరుకుంటుందా? ఎదురింటి మహిమ, వరసకు మేనకోడలు, ఆవిడ లేనప్పుడు కాన్పయింది. అత్త వచ్చిందని తెలిసి పసివాణ్ణి గుడ్డలో చుట్టుకుని పరుగున వచ్చి, "ఇదిగో అత్తా, నీ మనవడు" అని చేతులు చాపింది. రెబ్కా తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"జలుబుగా ఉందే. తర్వాత ఎత్తుకుంటాలే."

జలుబూ లేదు, పాడూ లేదు. మహిమ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక రెబ్కా తలుపు మూసుకుని గోడకు తల ఆనించి ఏడ్చింది.

అసలీ ఇంగ్లండు ప్రయాణం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. పర్చూరులో కోటిరత్నమ్మగారని, మిరపా పత్తీ బాగా పండించే కుటుంబం. ఆవిడ కూతురు జ్యోతిర్మయి పురిటికి పుట్టింటికి వచ్చింది. తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోయడానికి, మిరపకోతలకు పోయే రెబ్కాను పిలిపించారు. రెండు వారాలకని పిలిచిన మనిషి ఏడాది ఉండిపోయింది. బిడ్డ పేరు శ్రీరమ్య. నోరు తెరవడం నేర్చాక రెబ్కా చేతి ముద్ద తప్ప ఇంకెవరి ముద్దా తినేది కాదు. ఆ ముద్ద పెట్టిన చెయ్యి కాఫీ తాగిన గ్లాసు మాత్రం దొడ్లో గట్టుమీద విడిగా బోర్లించాల్సిందే. ఇదెక్కడి ధర్మమో కోటిరత్నమ్మగారినే అడగాలి. రెబ్కా ఎప్పుడూ అడగలేదు. బిడ్డ మాయలో పడి అడగాలని కూడా తోచలేదావిడకు.

జ్యోతిర్మయికీ భర్త ప్రేమ్‌చంద్‌కూ ఇంగ్లండులో కంప్యూటర్ ఉద్యోగాలు. సెలవు అయిపోవచ్చింది. బిడ్డను అక్కడ ఎవరి దగ్గర వదలాలని ఇంటిల్లిపాదీ తలలు పట్టుకున్నారు. చివరికి జ్యోతిర్మయే దొడ్లోకి వచ్చి రెబ్కా పక్కన గట్టుమీద చతికిలబడింది.

"రెబ్కమ్మా, నువ్వు నాతో రా. ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో నా బిడ్డను పెట్టలేను. నిన్ను పనిమనిషిలా చూడను. ఒట్టు."

"నాకు ఇంగిలీసు ఒక్క ముక్క రాదు గదమ్మా!"

"రమ్యకు మాత్రం వచ్చా ఏంటి? మీ ఇద్దరూ తెలుగే మాట్లాడుకోండి."

రెబ్కాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఒప్పేసుకుంది.

పల్లెలో కబురు గుప్పుమంది. మార్కు పాస్టరుగారు ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిణ్ణి ముందుకు పిలిచి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆడవాళ్ళంతా ముక్కులు చీదారు. "అన్యదేశంలో మన ప్రభువుకు సాక్షిగా నిలబడు తల్లీ" అన్నారాయన. రెబ్కా మైకు ముందు నిలబడి, కొంగు నిండుగా కప్పుకుని, "నా దేవుడికి తలవంపులు తేను" అని గట్టిగా చెప్పింది. కొంచెం గొప్ప కూడా పోయింది. పోదు మరి? కాలువ దాటని పల్లె నుంచి విమానమెక్కుతోంది!

ఇంగ్లండులో జ్యోతిర్మయి మాట తప్పలేదు. మొదటిరోజే, "బల్ల దగ్గర కూచుని మాతో తిను" అంది. అదే కంచం, అదే గ్లాసు. రెబ్కా ఆ పూట గ్లాసు కడిగి వాళ్ళ గ్లాసుల పక్కనే బోర్లించింది. ఇంత మర్యాద చేసిన మనిషి కోసం ప్రాణమైనా ఇవ్వొచ్చనుకుంది. ఆ ఇల్లు మూడో అంతస్తులో ఉంది. చలికి కిటికీలన్నీ బిగించి ఉండేవి. అగ్గిపుల్లతో పనిలేని కరెంటు పొయ్యి. పగలంతా రెబ్కా, రమ్యా. ఇద్దరికిద్దరు, హాయిగానే గడిచింది.

ఒక శనివారం ఇంటికి బోలెడుమంది తెలుగువాళ్ళు వచ్చారు. అందరూ రమ్యను ఎత్తుకున్నవాళ్ళే, బుగ్గలు గిల్లినవాళ్ళే. మర్నాటి నుంచి బిడ్డ అన్నం ముట్టలేదు. ఊరికే సతాయించడం, కళ్ళు తేలెయ్యడం. డాక్టరు చూసి, ఏమీ లేదు, అదే తగ్గుతుందన్నాడు.

"దిష్టి రెబ్కమ్మా, దిష్టే! అమ్మ ఉంటే ఈపాటికి తీసి పడేసేది" అంది జ్యోతిర్మయి. "అమ్మ పంపిన ఎండుమిరపకాయలు ఉన్నాయిగా. నువ్వు తియ్యి."

"నేను తియ్యనండీ. మా సంఘంలో ఒప్పుకోరు. ప్రార్థన చేస్తా."

"ఇక్కడికి మీ పాస్టరుగారు వచ్చి చూస్తారా ఏంటి?"

జ్యోతిర్మయి నవ్వులాటకే అంది. రెబ్కాకు చురుక్కుమంది. ఆ పూట తియ్యలేదు.

మర్నాడు మొగుడూ పెళ్ళాం ఆఫీసులకు వెళ్ళారు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, తోటకూర కాడలా వాలిపోయింది. రెబ్కా మోకాళ్ళమీద పడి ప్రార్థన చేసింది. పాట పాడింది. మళ్ళీ ప్రార్థన చేసింది. బిడ్డ ఊరుకోలేదు. ఇక ఆగలేకపోయింది రెబ్కా. గబగబా లేచి డబ్బాలో చెయ్యిపెట్టి గుప్పెడు మిరపకాయలు తీసింది. కోటిరత్నమ్మగారు ఎన్నిసార్లు తియ్యగా చూడలేదు? బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పింది. పొయ్యిమీద పెట్టిన పెనం ఎర్రగా కాలుతోంది. అందులో పడేసింది.

మన పక్క పద్ధతి ఏమిటంటే, మిరపకాయలు మాడినా కోరు, అదే ఆ ఘాటు, రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. కోరు వచ్చి గొంతు పట్టేసిందంటే దిష్టి లేనట్టు. ఆ రోజు లేచిన కోరు చూస్తే ఆ బిడ్డకు దిష్టన్నదే లేదు! మన దొడ్లో అయితే రెండు దగ్గులు దగ్గి ఊరుకునేవాళ్ళం. ఆ బిగించిన ఇంట్లో పొగ ఎటు పోతుంది? పొగ తగిలితే మోగేలా ఇంటికప్పుకు బిగించిన గంట కేకలు పెట్టింది. కిటికీ ఎలా తెరవాలో రెబ్కాకు తెలియదు. కళ్ళు కనిపించడం లేదు. బిడ్డను కొంగులో చుట్టుకుని తడుముకుంటూ తలుపు తీసుకుని మెట్లమీద పడింది. పక్కిళ్ళ తెల్లవాళ్ళంతా దగ్గుతూ బయటికొచ్చారు. అప్పుడు చూసింది బిడ్డ మొహం. పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి ఈల వేస్తోంది.

అంబులెన్సు వచ్చింది. బిడ్డ మూతికి గొట్టం పెట్టారు. ఆసుపత్రిలో జ్యోతిర్మయి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అధికారులు కాబోలు, ఇద్దరు ఆడవాళ్ళు ఏదేదో అడగడం మొదలుపెట్టారు. బిడ్డ దగ్గర ఏం కాల్చారు, ఎవరు కాల్చమన్నారు, అదీ సంగతి. జ్యోతిర్మయి ఇంగ్లీషులో జవాబిచ్చింది. ఇస్తూ ఇస్తూ రెబ్కా వైపు చెయ్యి చూపించి, తనకేమీ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అది అర్థం కావడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ రెబ్కాను కిందినుంచి పైదాకా చూశారు. బిడ్డను చంపబోయిన మనిషిని ఎలా చూస్తారో అలా చూశారు. ఆ చూపుకు రెబ్కా నేలలోకి కుంగిపోయింది.

మూడోనాటికి బిడ్డ కోలుకుంది. రెబ్కాను మాత్రం మళ్ళీ దగ్గరికి వెళ్ళనివ్వలేదు. టిక్కెట్టు కొనేశారు. విమానాశ్రయంలో జ్యోతిర్మయి ఆవిడ చెయ్యి పట్టుకుని, మొహం చూడలేక ఎటో చూస్తూ అంది:

"నేనే తియ్యమన్నానని ఒప్పుకుంటే బిడ్డను నా దగ్గర్నుంచి తీసేసుకుంటారేమోనని భయమేసింది రెబ్కమ్మా. ఏమీ అనుకోమాక."

"మీరు చెప్పిననాడు నేను తియ్యలేదు గదమ్మా" అంది రెబ్కా. "ఎవరూ చెప్పనినాడే తీశా."

ఇంటికొచ్చాక అడిగినవాళ్ళందరికీ, చలి పడలేదని చెప్పింది. కోటిరత్నమ్మగారు కబురుపెట్టి, తిడుతుందేమోననుకుంటే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. "నీ తప్పేముందే? ఆ దిక్కుమాలిన ఇళ్ళకు పొగ పోయే దారే లేదంట. అయినా ఈ సంగతి ఎక్కడా అనమాక, అల్లుడి పరువు పోద్ది" అంది. నాలుగు తిట్లు తిట్టినా రెబ్కాకు అంత బాధ ఉండేది కాదు. ప్రాణం మీదికి తెచ్చిన పనిని పొగగొట్టం లేకపోవడంతో సరిపెట్టేసిందే! గ్లాసు కడిగి గట్టుమీద పెట్టి, తల ఎత్తకుండా వచ్చేసింది.

పాస్టరుగారు మాత్రం వదిలితేనా? ప్రతి ఆదివారం, "మన సహోదరి విదేశాల్లో దేవుని కృప ఎలా పొందిందో సాక్ష్యం చెబుతుంది" అనడం, ఈవిడ గొంతు బాగాలేదని తప్పించుకోవడం. ప్రభువు బల్లని రొట్టే ద్రాక్షరసం ఇచ్చే ఆదివారాల్లో మరీ నరకం. తల్లో నొప్పని బయట చెప్పుల దగ్గర కూర్చునేది. 'ఇంగ్లండు పోయొచ్చి పొగరెక్కింది, మన రొట్టె కంటికి ఆనడం లేదు' అని ఎవరో అననే అన్నారు. ఆ మాట విన్న తర్వాతి ఆదివారం, పాస్టరుగారు పేరు పిలవగానే రెబ్కా లేచింది. ఆడవాళ్ళు ఉత్సాహంగా సర్దుకుని కూర్చున్నారు.

"నేను ఆ బిడ్డకు దిష్టి తీశా" అంది. "ప్రార్థన చేస్తే ఏడుపు ఆపలేదు. ఇంకాసేపు చెయ్యాల్సింది. చెయ్యలేదు. లేచి మిరపకాయలు తీశా. ఆ కాసేపూ నాకు దేవుడు లేడు. ఆ గుప్పెడు మిరపకాయల్నే నమ్మా. ఆ పొగకి బిడ్డ ఊపిరాగి చచ్చిపోబోయింది. నన్ను పంపించేశారు. చలి లేదు, ఏం లేదు. అంతా అబద్ధం."

జ్యోతిర్మయి పేరు ఎత్తలేదు.

ఆడవాళ్ళ వరసలో తలలు ఒకటొకటిగా కిందికి దిగాయి. మార్కు పాస్టరుగారు మంచి మనిషే. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, "నేను చెప్పేదాకా బల్లకు దూరంగా ఉండు తల్లీ" అన్నారు. రెబ్కా చివరి వరసలోకి వెళ్ళి గోడపక్కన కూర్చుంది. ఆరాధన అయ్యాక ఒక్కరూ పలకరించలేదు. చెప్పేస్తే బరువు దిగుతుందంటారు గానీ, ఆవిడకు ఏమీ దిగలేదు. అప్పటిదాకా తనొక్కతే ఎరిగిన సిగ్గు ఇప్పుడు ఊరంతా ఎరిగింది, అంతే.

ఆ మధ్యాహ్నం ఎదురింటి మహిమ పసివాణ్ణి భుజాన వేసుకుని పెరటివైపు నుంచి వచ్చింది. వాడు ఎర్రగా కందిపోయి ఏడుస్తున్నాడు. మహిమ అటూ ఇటూ చూసి, కొంగుముడి విప్పింది. అందులో గుప్పెడు రాళ్ళుప్పు.

"పొద్దున్నించి పాలు పట్టడం లేదత్తా. కాస్త తియ్యవా?"

రెబ్కాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. "ఏందే నువ్వు? పొద్దున గుళ్ళో నేను చెప్పింది వినలా?"

"విన్నా."

"విని కూడా నా దగ్గరికే తెచ్చావా ఉప్పు? ఊళ్ళో నా పేరు ఇదా ఇక?"

మహిమ తలొంచుకుంది. "నేనూ తీస్తానత్తా. మా అమ్మా తీస్తది. ఎవరం పైకి చెప్పం, అంతే. వీడికి నేను తీస్తే తగ్గలా." ఉప్పు పెరట్లో పారబోసి చేతులు దులుపుకుంది. "తియ్యకపోతే పోనీ. కాసేపు ఎత్తుకో. నాకు చేతులు పడిపోతున్నయ్."

"నా చేతికివ్వమాక."

"ఇంకెవరికియ్యను?"

అంటూనే బిడ్డను ఆవిడ ఒళ్ళో పెట్టేసింది. రెబ్కా చేతులు చాలాసేపు గాల్లోనే ఉండిపోయాయి. వాడు జారబోతే పట్టుకోక తప్పలేదు. మహిమ, పాలగిన్నె పొయ్యిమీద పెట్టొచ్చానంటూ లేవబోయింది.

రెబ్కా ఆవిడ చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకుంది. "పోమాకే" అంది. "నీ కాళ్ళు పట్టుకుంటా. నన్ను బిడ్డతో ఒంటరిగా వదిలిపెట్టి పోమాక."

మహిమ మళ్ళీ కూర్చుంది. ఎదురింట్లో పాలు పొంగి మాడిన వాసన వచ్చినా లేవలేదు.