సువార్తమ్మత్త పొట్టేలు, నా వెబ్ పేజీ

నిండు చర్చిలో, అందరి కళ్లముందే, ఒక పెద్దావిడ పేరును మాయం చేసిన పాపిని నేను. మంత్రగాణ్ణి కాను. అంత తెలివి ఉంటే ఈ కథే జరిగేది కాదు.

కర్నూలులో వెబ్ పేజీలు తయారుచేసే ఉద్యోగం దొరికిన కొత్తలో నా తల గాలి నిండిన బుడగలా ఉండేది. కోడుమూరు దగ్గర మా ఊరి చర్చిలో కోత పండుగకు ఎవరేం కానుకిచ్చారో ప్రొజెక్టరుతో గోడమీద పెద్దగా కనబడేలా ఒక పేజీ చేసిపెడతానన్నాను.

కానుకల జాబితా రాసేది సంఘపెద్ద దేవదానం మామ. పేరుకు అటూ ఇటూ బాణపు మొనల్లాంటి గుర్తులు పెట్టడం ఆయన అలవాటు. అవి కనబడితే పాస్టరుగారు గొంతు పెంచి చదవాలి. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో పేర్లు కొట్టి, వాటికీ అవే గుర్తులు తగిలించి నాకు పంపాడు.

ఆ గుర్తుల మధ్య ఇంగ్లీషు మాట కనబడితే, పేజీని తెరమీద చూపించే బ్రౌజరు అది తనకిచ్చిన ఆజ్ఞ అనుకుని మింగేస్తుంది. అందుకే గుర్తులను ముందే సంకేతాలుగా మార్చి పంపాలి. అప్పుడు అది వాటిని మళ్లీ గుర్తులుగా చూపిస్తుంది. ఆఫీసులో నాకిది చిలక్కు చెప్పినట్లు చెప్పారు. మా ఊరి జాబితాకు అంత జాగ్రత్త ఎందుకులే అని వదిలేశాను.

ఆదివారం కానుకలన్నీ గోడకెక్కాయి. పేర్లు ఎక్కలేదు. పాస్టరుగారు "పొట్టేలు, ఇచ్చినవారు..." అని ఆగిపోయారు.

ముందు వరుసలో సువార్తమ్మత్త లేచి నిలబడింది. మోకాలి నొప్పి తగ్గితే పొట్టేలిస్తానని మొక్కుకుని, దాన్ని రెండేళ్లు మేపి, సంఘంలో తన పేరు వినబడే రోజని కొత్త చీర కట్టుకుని వచ్చింది పాపం.

"ఏమప్పా, నా పేరు యాడ పోయె?"

"లోపలే ఉండాదత్తా, కనబడల్యా అంతే."

"కనబడకుండా ఇచ్చేకి, అదేమన్నా దొంగ పొట్టేలా?"

ఒక పాట పాడుకోమని సంఘాన్ని బతిమాలి ల్యాప్‌టాప్ మీద పడ్డాను. జాబితాలోని గుర్తులన్నీ సంకేతాలుగా మార్చాను. అక్కడితో ఆగాల్సింది. భయంలో, వాటిని మార్చమని ప్రోగ్రాములో కూడా రాశాను. బ్రౌజరు వెనక్కి మార్చేది ఒక్కసారే కాబట్టి, రెండుసార్లు మారిన గుర్తులు మళ్లీ గుర్తులు కాలేక, సంకేతాలుగానే గోడకెక్కాయి. ప్రతి పేరుకూ ముందు గుర్తు బదులు ఎల్‌టీ, వెనక గుర్తు బదులు జీటీ.

పాస్టరుగారు తడుముకోకుండా "ఎల్‌టీ సువార్తమ్మ జీటీ" అని గొంతెత్తి చదివారు. అత్త ముఖం పెట్రోమాక్స్ లైటయింది. గండం గడిచిందనుకున్నాను.

ఆరాధన ముగిశాక నా చెవి ఆమె చేతిలో ఉంది.

"సదువుకున్నోళ్లకు పెట్టినట్ల నా పేరుకు అక్షరాలు తగిలిచ్చినావు, శానా సంతోషం. ఆ యాకోబుకు గూడా అవే ఎందుకు పెట్టినావప్పా? ఆయప్ప ఇచ్చింది సొరకాయ."

చెవి నా వశమయ్యాక అక్కడే మోకాళ్లూని ప్రమాణం చేశాను. ఇక బతికున్నన్నాళ్లూ, ఎవరి రాతనైనా సంకేతాలుగా మార్చకుండా గోడకెక్కించను. మార్చిందాన్ని చచ్చినా మళ్లీ మార్చను. ఆమెన్.