ముందు చాప ముడి

మా అత్తగారిల్లు శబరి ఒడ్డున, కొంటాకు కాస్త ఎగువన. ఇటు ఒడ్డు బస్తరు రాజుగారిది, అవతలి ఒడ్డు ఇంగ్లీషు దొరలది. మా ఆయన చిన్న తెరచాప పడవలో చింతపండు, ఇప్పగింజలు వేసుకుని దిగువ సంతలకు పోయేవాడు. పెద్ద చాప ఎత్తడం ఆయన పని. పడవ ముక్కు దగ్గరుండే మూడు మూలల ముందు చాపను మాత్రం ఆ ఇంటి ఆడవాళ్లే కట్టి పంపాలి. నేను కాపురానికి వచ్చాక అత్త ఆ పని నాకు అప్పజెప్పింది.

నేను మరైగూడ వైపు సేద్యం చేసుకునే ఇంటి పిల్లను. నదిని చూస్తేనే భయం. అయినా నేర్చుకున్నాను. తెరచాప కొయ్య పైనుంచి పడవ ముక్కుకు దిగే తాడును కింద విప్పి, చాప అంచుకు కుట్టిన బెత్తం కడియాలను దానికి ఎక్కించి, మళ్లీ బిగించాలి. కింది మూలను ముక్కుకు, పై మూలను ఎత్తే తాడుకు కట్టాలి. వెనక మూల తాడుకు మాత్రం పడవ అంచునున్న మేకు దగ్గర జారుముడి వేయాలి. గాలి ఎక్కువైతే కొస పట్టి ఒక్క గుంజు గుంజగానే చాప వదులైపోవాలి.

నా చేతికి అలవాటైన ముడి వేరు. మా పుట్టింట్లో గుడిసె వాసాలు కట్టినా, ఎద్దును కట్టినా రెండు మెలికలు వేసి, నీళ్లు చల్లి బిగిస్తాం. అది అంత తేలిగ్గా ఊడి రాదు.

వైశాఖంలో ఒకరోజు నా జారుముడి రేవు దాటకముందే ఊడిపోయింది. చాప టపటపా కొట్టుకుంది. బట్టలు ఉతుకుతున్నవాళ్లు నవ్వారు, ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాకు ముక్కు మీద కోపం, అప్పుడూ ఇప్పుడూ.

మర్నాడు పొద్దున అదే తాడును పుట్టింటి ముడితో కట్టాను. దోసెడు నీళ్లు పోసి, కాలు తన్నిపెట్టి గుంజాను. ఆయన బస్తాలు సర్దుకుంటూ అటు చూడనే లేదు.

“ఇయ్యాలన్న ఊడకుంట ఉంటదానే?”

“ఊడదు, పో” అన్నాను విసురుగా. ఆయనతో నేనన్న ఆఖరి మాట అదే.

పడవ నది మధ్యకు చేరాక ఈదురుగాలి లేచింది. ఆయన పెద్ద చాప దించేసి ముందుకు రావడం ఒడ్డు నుంచి చూశాను. తాడు ఒక చేత్తో గుంజాడు, తర్వాత రెండు చేతులతో. మోకాళ్ల మీద కూలబడి ముడి పట్టుకున్నాడు. కోసెయ్యమని అరిచాను. ఆ గాలిలో ఏం వినిపిస్తుంది? పడవ ఒరిగింది, బస్తాలన్నీ ఒక పక్కకు జారాయి, బోల్తా పడింది. ఆయనకు ఈత బాగా వచ్చు. చాప వచ్చి మీద పడితే ఈత ఎందుకు పనికొస్తుంది?

అత్తా నేనూ ఒడ్డు వెంట పరిగెత్తాం. పడవ దిగువన ఇసుక దిబ్బకు తగిలి ఆగింది. ఆయన చాప కిందే ఉన్నాడు. అత్త ముందు కొడుకు ముఖం తుడిచింది. తర్వాత మేకు దగ్గరికి పోయి ముడి చూసింది. గోళ్లు చీరుకుపోతున్నా ఆపకుండా, ఊరివాళ్లు వచ్చేలోపు దాన్ని విప్పేసింది. వచ్చినవాళ్లు పాడు గాలి అన్నారు. ఆమె కాదనలేదు.

దినాలు అయ్యాక ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, అత్తా, అని మొదలుపెట్టాను. ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టింది.

“నేను ఆ ముడి చూసిన, బిడ్డా. నువ్వు మాత్రం నీ నోటితోని చెప్పకు. చెప్తే నిన్ను ఇంట్ల ఉంచుకోలేను.”

ఆమె పోయేదాకా ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం. ఒక్కసారి ఆమె ముందు ఏడ్చి చెప్పుకుంటే నా గుండె బరువు దిగేది. చెప్పొద్దంది కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు ఆమె లేదు. ఆయన్ని చంపింది గాలి కాదు, నా ముడి.