వాగు గట్టున మూత తీసిన డబ్బా

నిరుడు వానాకాలం. ఖమ్మంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ, అందులో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్. మా ఆయన పోయాక నేను అక్కడే అటెండర్‌గా చేరాను. ల్యాబ్ తెరవడం, వైర్లూ మీటర్లూ పిల్లలకిచ్చి మళ్లీ తీసుకోవడం, ఆడపిల్లలు పని మీద ఊళ్లకు వెళితే తోడు పోవడం నా పని. చదువు నాకు సంతకం వరకే. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

స్వప్న మూడో సంవత్సరం పిల్ల, వేంసూరు రైతు బిడ్డ. హైదరాబాద్‌లో వైర్‌లెస్ కాన్ఫరెన్స్, అంటే తీగ లేకుండా కబురు పంపే విద్య తెలిసినవాళ్ల సభ. అందులో విద్యార్థుల పరిశోధనలకు పోటీ పెట్టారు. స్వప్న దానికోసం లోరా డబ్బా తయారుచేసింది. లోరా అంటే ఫోన్ సిగ్నల్ అందని చోట కూడా చిన్న చిన్న కబుర్లను దూరం మోసే రేడియో. ములకలపల్లి అవతల అడవిలో ఒక వాగుంది. అది పొంగితే డబ్బా పసిగట్టి, ములకలపల్లిలో నెట్ ఉన్న చోట పెట్టిన రిసీవర్ ద్వారా మా ల్యాబ్ కంప్యూటర్‌కు చెప్పాలి. పోటీకి కాగితం లెక్కలు చాలవు, బయట పెట్టి చూసిన రీడింగులు కావాలి. అందుకని గట్టు మీద మద్ది చెట్టుకు డబ్బా కట్టి వచ్చాం.

కొన్నాళ్లు కంప్యూటర్ మీద నీటి మట్టం చూపే గీత బాగానే నడిచింది. ఒక పొద్దున ఆగిపోయింది. గడువు దగ్గరపడింది. పాత రీడింగులే అటూ ఇటూ మార్చి ఖాళీ నింపేయమని తోటి పిల్లలు సలహా ఇచ్చారు. స్వప్న ల్యాప్‌టాప్ మూసేసింది.

"రాని కబురును వచ్చిందని ఎట్ల చూపిస్త ఆంటీ? పోటీ పోతే పోనీ" అంది. దానికోసం పండక్కి కూడా ఇంటికి పోని పిల్ల.

మర్నాడే బస్సెక్కి, ఆటో మారి పోయాం. చెట్టుకు డబ్బా లేదు. వాగు పక్క గూడెంలో పెద్ద మనిషి ఇంటి అరుగు మీద గోనె సంచిలో ఉంది మా డబ్బా. పగలగొట్టలేదు, తడవకుండా చుట్టి పెట్టారు. ఆయన మాకు మంచం వాల్చి, మంచినీళ్లిచ్చాకే మాట మొదలుపెట్టాడు.

"చెట్టుకు డబ్బా కడితే అది కెమెరానే. దాని వెనక ఫారెస్టోళ్ల జీపొస్తది, అడవి కొట్టి చేసుకున్న పోడు చేన్లు ఖాళీ చెయ్యమంటది. మేం చూడలేదా చెల్లే?"

తప్పు మాదే. కట్టేటప్పుడు ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. చెట్టు ఎవరిదో కూడా అడగలేదు. "మూత తియ్యి బిడ్డా" అన్నాను స్వప్నతో. మూత తీస్తే లోపల తేమ చేరుతుందని భయపడింది, అయినా తీసింది. బ్యాటరీ, యాంటెన్నా, నీటి లోతు కొలిచే సెన్సార్ ఒక్కొక్కటీ జనం చేతికిచ్చింది. కెమెరా అద్దం ఎక్కడా లేదని అందరూ తిప్పి తిప్పి చూశారు.

అప్పుడు ఒక ముసలమ్మ అడిగింది. "వాగొస్తే ఇది ఎవలికి చెప్తది?"

"మా కాలేజీకి అవ్వా."

"వాగు దాటేది మేమైతిమి. మీకు చెప్తే ఏం ఫాయిదా?"

స్వప్న ముక్కలన్నీ మళ్లీ డబ్బాలో సర్దుకుంది. బస్సులో వస్తూనే పుస్తకం తీసి ఏవో బొమ్మలు గీసుకుంది. తర్వాత వారమంతా ల్యాబ్‌లోనే కూర్చుని, వాగు పెరిగితే వెలిగే ఎర్ర బల్బు, దాంతోపాటు మోగే బజర్ చేసింది. ఈసారి గూడెం వాళ్లే చెట్టు చూపించారు. బల్బు ముసలమ్మ గుమ్మం మీద పెట్టాం.

హైదరాబాద్ సభలో స్వప్న పోస్టర్ ముందు నిలబడింది, నేను వెనక. జడ్జి వేలు పెట్టి గీతలో ఖాళీ చూపించాడు. నాకు ఇంగ్లీషు రాకపోయినా ఏం అడుగుతున్నాడో ఆ వేలే చెప్పింది. స్వప్న దాచలేదు. డబ్బా ఎందుకు ఆగిందో, ఎవరు విప్పారో, ముసలమ్మ ఏమడిగిందో అంతా చెప్పింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాడు.

రెండో బహుమతి వచ్చింది. స్టేజి దిగగానే వచ్చి షీల్డు నా చేతిలో పెట్టి, "ఆ ఖాళీ లేకపోతే ఇది లేదు ఆంటీ" అంది. అంత మందిలో నేను కొంగుతో కళ్లు ఒత్తుకున్నాను. సిగ్గేమీ పడలేదు.

ఇప్పుడు మా ల్యాబ్ పిల్లలు ఏ ఊళ్లో ఏది కట్టాలన్నా ముందు అక్కడి జనాన్ని కూర్చోబెట్టి మూత తీసి చూపిస్తారు. తాడు బయటికి తీసేది ఆ తర్వాతే. అది నేను నేర్పింది కాదు, ఆ గూడెం మా అందరికీ నేర్పింది.