యేసుదానం బ్యాడ్జీ

యేసుదానం చేతికి మొదట రంగు బ్రష్షు అందించింది పాకిస్తానే అనాలి. డెబ్బై ఒకటి యుద్ధంలో, రాత్రిపూట వెలుతురు శత్రు విమానాలకు కనపడకుండా విశాఖపట్నమంతా కిటికీ అద్దాలకు నల్లరంగు పూసుకుంటుంటే, అప్పటికి పద్దెనిమిదేళ్ల యేసుదానం వన్‌టౌన్‌లో ఇల్లిల్లూ తిరిగి పూశాడు. యుద్ధం అయ్యాక ఆ రంగు గీకే పనీ అతనికే దొరికింది. డెబ్బై నాలుగులో మనవాళ్లు ఎడారిలో అణుబాంబు పేల్చారని టీకొట్టు దగ్గర లడ్డూలు పంచితే, ఒకటి తిని ఇంకోటి జేబులో వేసుకున్నాడు. దేశాల తగువులతో తనకున్న సంబంధం అంతవరకే అనుకున్నాడు పాపం.

ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఓడరేవులో తుప్పు కొట్టడం, ఎర్రరంగు వెయ్యడం. మధ్యలో దీవెనమ్మతో పెళ్లయింది. రెండు కడుపులు పోయాయి, ఒకటి ఐదో నెలలో, ఒకటి ఏడో నెలలో. మూడోసారి నెల తప్పినప్పుడు ఆ మాట పైకి అనుకోవడానికి కూడా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.

సరిగ్గా అప్పుడే, ఎనభై ఎనిమిదిలో, రష్యా నుంచి అణుశక్తితో నడిచే సబ్‌మెరైన్ వచ్చింది. అవతలివాడు బాంబు చేస్తున్నాడట, మనం చేతులు కట్టుకు కూర్చుంటామా అని టీకొట్లో అందరూ తెగ మాట్లాడారు. యేసుదానం కాంట్రాక్టరుకి అటువైపు జెట్టీలో రెయిలింగుల రంగు పని తగిలింది. సబ్‌మెరైన్ ఛాయలకు పోయే పని కాదు, దానికి బాగా ఇవతల. అయినా మొదటిరోజే హెల్మెట్టు, బూట్లు, అగ్గిపెట్టెలో సగమంత ప్లాస్టిక్ బ్యాడ్జీ ఒకటి చేతిలో పెట్టారు. కాంట్రాక్టరు సూపర్‌వైజరు హడావిడి మనిషి. "ఇవి లేకుండా లోపలికి అడుగెయ్యకూడదు. ఇవుంటే భయం లేదు" అని చెప్పి వెళ్లిపోయాడు.

హెల్మెట్టు తలని కాస్తుంది, బూటు కాలిని కాస్తుంది. మరి బ్యాడ్జీయో? ఇంకేముంది, అణువు నుంచి మనిషిని కాస్తుంది. ఎవరికైనా అలాగే తడుతుంది, యేసుదానాన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఆ సాయంత్రం దాన్ని తాడుకి కట్టి, దీవెనమ్మ చీర కింద నడుముకి చుట్టాడు. అణువుల గాలి కడుపులో బిడ్డకే ముందు తగుల్తాదని పంపు దగ్గర ఆడవాళ్లు చెప్పుకున్నది అప్పటికే ఇంటికి చేరింది.

"ఇదేటి, తాయెత్తా? పాస్టరు గారు సూత్తే సంఘంలోంచి ఎలేత్తారు" అంది దీవెనమ్మ.

"తాయెత్తు కాదే. గవర్మెంటుది. నంబరు కూడా ఉంది సూడు."

"మరి నీకో?"

"నాకు బూట్లున్నాయి కదే."

నెలాఖరున పాత బ్యాడ్జీ పట్టుకెళ్లి ఆఫీసులో ఇచ్చేవాడు, కొత్తది తెచ్చి ఆవిడకే కట్టేవాడు. చొక్కా లోపల ఉందంటే గేటు దగ్గర ఎవరూ అడగలేదు. ఆర్నెల్లు అలా గడిచాయి. బిడ్డ ఏడో నెల దాటింది. పొట్టలో కాలితో తంతోందని దీవెనమ్మ అతని చెయ్యి పట్టుకుని పెట్టించేది. ఊయలకి తాళ్లు కూడా కొన్నాడు.

ఎనిమిదో నెల మొదటి ఆదివారం గుడిలో ప్రభురాత్రి భోజన సంస్కారం. నడుముకి ఏదో కట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి పోవడానికి దీవెనమ్మకి మనసొప్పలేదు. విప్పి బియ్యం డబ్బాలో పెట్టి వెళ్లింది. మూడు గంటల తర్వాత వచ్చి మళ్లీ కట్టుకుంది. పన్నెండు రోజులకి బిడ్డ కదలడం మానేసింది. ఆడపిల్ల. పేరు పెట్టకుండానే పాతిపెట్టారు.

ఇద్దరూ ఏడవలేదు. అన్నం వండుకున్నారు, తిన్నారు, పడుకున్నారు. రోజుకోసారి దీవెనమ్మ గోడ వైపు చూసి, "ఆ ఆదివారం ఇప్పీసాను" అనేది. యేసుదానం కాదనలేదు. తనూ అలాగే అనుకుంటున్నాడు మరి. ఆ మాట నోటితో అనకపోవడమే అతను చెయ్యగలిగిన దయ.

నెలాఖరు వచ్చింది. బ్యాడ్జీలు తీసుకునే గుమస్తా గురునాథరావు పుస్తకం తిరగేశాడు. "యేసుదానం, నీ రిపోర్టులొచ్చాయి. అన్నీ సున్నా. భేషుగ్గా ఉన్నావ్."

"సున్నా ఏటండి బాబూ? ఇది బాగా కాసినట్టా?"

"కాయడమేంటయ్యా నీ మొహం. థర్మామీటరు పెట్టుకుంటే జ్వరం ఆగుతుందా? మనిషికి ఎంత తగిలిందో చెప్తుంది, అంతే."

యేసుదానం పుస్తకంలోకి తొంగి చూశాడు. "అంటే, ఇది కట్టుకున్న మనిషికి ఏటీ తగల్లేదా బాబూ?"

"ఏమీ తగల్లేదన్నాను కదా. సంతకం పెట్టు."

పెట్టాడు. కొత్త బ్యాడ్జీ జేబులో వేసుకుని నడిచే ఇంటికొచ్చాడు. దారంతా కోపం వస్తుందేమోనని చూశాడు గానీ రాలేదు. ఏడుపూ రాలేదు.

దీవెనమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. అతను ఎదురుగా కూర్చుని గుమస్తా చెప్పింది చెప్పాడు.

"అంటే, ఆ ఆదివారం?"

"ఆ ఆదివారం ఏటీ నేదు దీవెనా. అది కాసీది కాదు. ఇప్పినా ఒకటే, ఉంచినా ఒకటే. నీకూ పాపకీ ఏ గాలీ తగల్లేదు. పుస్తకంలో రాసుంది."

"మరి పాపెందుకు పోయింది?"

"ఏమో. నాకు తెల్దు."

ఆవిడ చెయ్యి బియ్యంలో ఆగింది. పదిహేను రోజుల తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. చాలాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఉన్నట్టుండి అతని వైపు చూసింది.

"ఆర్నెల్లూ అక్కడ పన్జేసింది నువ్వు. అది కొలిసింది నన్ను. మరి నీకెంత తగిలిందో ఎవుళు సెప్తారు?"

"నాకు బూట్లు..." అని అలవాటుగా మొదలుపెట్టాడు.

దీవెనమ్మ లేచి అతని జేబులోంచి బ్యాడ్జీ తీసింది. చొక్కాకి ఎడమవైపు తగిలించి, ఊడిపోకుండా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసింది. తర్వాత చేట దగ్గరికెళ్లి కూర్చుంది.