బరువు ఏ ముక్క మీద

నా చిన్నప్పుడు, అంటే మరీ పాతకాలమేం కాదు, ఆరో తరగతిలో ఉండగా, పొడుగాటి ఇంగ్లీషు మాట కనిపిస్తే చాలు కంగారు పడిపోయేదాన్ని. అక్షరాలన్నీ వచ్చేవి. కానీ ప్రతి ముక్కనీ ఒకే బలంతో, మేకులు కొట్టినట్టు చదివేదాన్ని. సగంలోనే ఊపిరి అయిపోయేది. బడి వార్షికోత్సవానికి స్వాగతం కాగితం నేనే చదవాలి. అందులో ‘కమ్యూనికేషన్’ దగ్గర రోజూ ఆగిపోతుంటే, రేపటికి రాకపోతే ఇంకో పిల్లకి ఇచ్చేస్తానన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం ఏడుపు మొహంతోనే నాన్నకి టీ పట్టుకెళ్లాను. నాన్న సాలూరు లారీల స్టాండులో కళాసీ, సరుకు ఎక్కించే పని. డిగ్రీ చదివే పక్కింటి అక్క తోడొచ్చింది. దారిలో తనకి నా గోడంతా చెప్పుకున్నాను. అక్కడ నాన్నతో సహా ఆరుగురు కలిసి రైసు మిల్లు మోటారుని వాలు చెక్కల మీదుగా లారీలోకి లాగుతున్నారు. మేస్త్రి పాటలా ఏదో అంటున్నంతసేపూ ఊరికే తాడు పట్టుకుని ఉన్నారు. ‘హైసా’ అన్నప్పుడు మాత్రం ఒక్కసారిగా లాగారు. మోటారు జానెడు కదిలింది.

నేను ఊరుకోలేదు. “నాన్నా, పాటంతా లాగితే బేగి ఎక్కీస్తాది కదేటి?”

“ఓలమ్మ, సూపర్‌వైజరొచ్చిందిరా!” అని నవ్వాడొక కళాసీ.

నాన్న చెమట తుడుచుకుంటూ, “పాటంతా లాగితే నడుములు పోతాయే గుంటా. బలమంతా ఒక్క సోటే ఎయ్యాల” అన్నాడు.

అక్క గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. “నీ మాటా అంతేనే! ముక్కలు సెయ్యి. కమ్, యూ, ని, కే, షన్. సివర షన్ ఉన్నాదా? దానికి ముందు ముక్క మీద బరువెయ్యి. మిగతావి తేలిగ్గా ఒగ్గీ.”

మేస్త్రి పాటకే నా మాట కలిపాను. మొదటి మూడు ముక్కలూ మెల్లగా, ‘కే’ దగ్గర గట్టిగా. ‘షన్’ దానంతటదే జారిపోయింది. మోటారు ఎక్కేలోపు ఎడ్యుకేషన్, ఎగ్జామినేషన్ కూడా లొంగాయి.

మర్నాడు మాస్టారి ముందు ఆగకుండా చదివాను. మాస్టారు మెచ్చుకోలేదు గానీ, ముగింపు కాగితం కూడా నా చేతికే ఇచ్చారు. ఇంటికి రాగానే నాన్న అడిగింది ఒక్కటే. “ఎక్కిందేటే?”

“ఎక్కీసింది నాన్నా.”

పదో తరగతితో ఆగిన చదువు నాది. ఇప్పుడు గజపతినగరంలో మందుల షాపులో పనిచేస్తున్నాను. నోరు తిరగని పేర్లు రోజూ వస్తాయి. ఇంట్లో పది పనులు ఒకేసారి మీద పడే రోజులూ వస్తాయి. కంగారు పడను. ఒక్క క్షణం ఆగి, దేన్ని తేలిగ్గా వదిలేయాలో ముందు చూసుకుంటాను.